బార్బడోస్‌లో ఎక్కడ దిగాలి? ముందు తీరం తేల్చుకోండి, హోటల్ సంగతి తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీ నుంచి నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ వారంలో ఆరు రాత్రులు కరీబియన్ దీవి బార్బడోస్‌లో. మీరిద్దరూ, నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన మీ అత్తగారూ మామగారూ. పెద్దవాళ్లు శాకాహారులు, మామగారికి మోకాళ్ల నొప్పులు. పశ్చిమ తీరంలో గది, తిండి, తాగుడు అన్నీ ఒకే రేటులో కలిపే ఒక ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు, దక్షిణ తీరంలో వంటగది ఉన్న ఒక అపార్ట్‌మెంటు చూసి పెట్టుకున్నారు. రెంటిలో ఏది తీసుకోవాలో తేలక రెండు వారాలుగా టెన్షన్ పడుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను, మిగతాది ఓపిక ఉంటే చదవండి. మీ ఇంటి లెక్కకి దక్షిణ తీరంలో అపార్ట్‌మెంటే సరి. అయితే దక్షిణ తీరం అంతా ఒక్కలా ఉండదు. రాజధాని బ్రిడ్జ్‌టౌన్ దాటి తూర్పుగా వెళ్తుంటే హేస్టింగ్స్, రాక్లీ, వర్దింగ్ అని ఒకదాని పక్కన ఒకటి వస్తాయి, ఆ కొద్ది కిలోమీటర్ల ముక్కలోనే వెతకండి. మీరు చూసిన అపార్ట్‌మెంటు సెయింట్ లారెన్స్ గ్యాప్‌లో ఉందన్నారు, అది మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాను, నేను దెబ్బతిన్న చోటు అది.

నేను ఉద్యోగం పని మీద బ్రిడ్జ్‌టౌన్‌లో రెండేళ్లున్నాను, అమెరికా వచ్చాక కూడా మూడుసార్లు వెళ్లొచ్చాం. ఆ రెండేళ్లలో మా అమ్మానాన్న వచ్చారు, మా ఆవిడ తరఫు వాళ్లు వచ్చారు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు పిల్లాపాపలతో దిగారు. ఎవరికి ఎక్కడ బాగుంది, ఎవరు ఏ చోట రెండో రోజుకే మొహం వేలాడేసుకున్నారు అన్నది దగ్గరుండి చూశాను. అందుకే హోటళ్ల పేర్లు చెప్పను, అవి చేతులు మారుతుంటాయి, మేనేజర్ మారితే మొత్తం మారిపోతుంది. తీరాలు అలా మారవు కాబట్టి వాటి సంగతి చెప్తాను.

ఒక్క విషయం అర్థమైతే సగం పని అయిపోయినట్టే. బడిలో వ్యాపార పవనాలు అని చదువుకున్నాం కదా, అవి అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు నుంచి వీస్తూనే ఉంటాయి. కాబట్టి ఏ దీవికైనా తూర్పు ఒడ్డు గాలికి ఎదురుగా ఉంటుంది, అట్లాంటిక్ కెరటాలన్నీ అక్కడే కొడతాయి. పడమటి ఒడ్డు దీవి చాటున ఉంటుంది కనుక నీళ్లు చెరువులా ఉంటాయి. బార్బడోస్ అనే కాదు, సెయింట్ లూసియా అయినా, ఆంటిగ్వా అయినా, మార్టినీక్ అయినా మ్యాపు తెరవగానే మొదట చూడాల్సింది గది ఫొటో కాదు, ఆ గది దీవికి ఏ వైపున ఉందన్నది. ఫొటోలో అన్ని సముద్రాలూ నీలంగానే ఉంటాయి. సూర్యలంక వెళ్లిన మీ మామగారికి ఈ తేడా మీకన్నా త్వరగా బోధపడుతుంది, చెప్పి చూడండి.

బార్బడోస్ పెద్ద దీవేం కాదు. పొడవు 34 కిలోమీటర్లు, అడ్డంగా 23. అంత చిన్న చోట ఎక్కడ దిగితే ఏంటిలే అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకున్నాను. కానీ రోడ్లు సన్నం, సాయంత్రం ట్రాఫిక్ గట్టిగానే ఉంటుంది, పది కిలోమీటర్లకి అరగంట పట్టిన రోజులున్నాయి. రోజూ మీరు కాళ్లు తడుపుకునే సముద్రం మీ గుమ్మం ముందున్నదే, మిగతావన్నీ ఒకసారి చూసొచ్చేవే.

ఇక పశ్చిమ తీరం. హోల్‌టౌన్, పేన్స్ బే, మల్లిన్స్, ఇంకా పైకి వెళ్తే స్పైట్స్‌టౌన్. డబ్బున్న బ్రిటిష్ వాళ్లు తరతరాలుగా వస్తున్న వైపు ఇదే, ప్లాటినమ్ కోస్ట్ అనే పేరు ఊరికే రాలేదు. నీళ్లు నిజంగానే అద్దంలా ఉంటాయి, పేన్స్ బేలో ఒడ్డు నుంచి కాస్త లోపలికి ఈదితే తాబేళ్లు కనిపిస్తాయి, సాయంత్రం సూర్యుడు నేరుగా నీళ్లలోకి దిగుతాడు. నాలుగేళ్ల పాప ఒక్కతే లెక్క అయితే నేను కూడా పశ్చిమమే అనేవాణ్ణి. ఇబ్బందులేంటంటే, ఇసుక వెడల్పు తక్కువ. కొన్నిచోట్ల పోటు సమయానికి నీళ్లు హోటల్ గోడదాకా వచ్చేస్తాయి, పొద్దున మీరు తువ్వాలు పరిచిన చోటు మధ్యాహ్నానికి ఉండదు. నడుద్దామంటే బయట హైవే 1, చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు. పెద్దవాళ్లు రిసార్టు గేటు దాటి బయటకి రాలేరు. హోల్‌టౌన్ నడిబొడ్డున దిగితే మాత్రం కొన్ని షాపులూ సూపర్‌మార్కెట్టూ నడిచే దూరంలో ఉంటాయి, కానీ అక్కడి రేట్లు చూశాక మళ్లీ మనం ఈ చర్చలోకే వస్తాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పశ్చిమ తీరం ఎప్పుడూ ప్రశాంతం అని రాసేస్తుంటారు, అది ముప్పాతిక నిజం. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్‌లో తుపానులు లేచినప్పుడు ఆ అలల ఊపు ఇంత దూరం వచ్చి ఉత్తర, పశ్చిమ తీరాలకి తగులుతుంది. రెండు మూడు రోజులపాటు ఎర్రజెండా పెడతారు, ఇసుక కోసుకుపోతుంది. అది ఎక్కువగా డిసెంబర్ నుంచి మార్చి లోపు జరుగుతుంది, నవంబర్ చివర్లో కూడా ఒకసారి చూశాను.

దక్షిణ తీరంలో ఊరి వాతావరణం ఉంటుంది. స్కూలు పిల్లలు, బస్సులు, చర్చి నుంచి వచ్చేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, ఆఫీసు అయ్యాక ఈతకి దిగే స్థానికులు. రాక్లీ దగ్గర ఉన్న బీచ్‌ని అందరూ ఆక్రా బీచ్ అంటారు. వెడల్పైన ఇసుక, లైఫ్‌గార్డు ఉంటాడు, ఓ మోస్తరు అలలు, తొమ్మిదేళ్ల బాబుకి అలల మీద పడుకుని జారే బూగీ బోర్డు ఇస్తే భోజనానికి కూడా బయటకి రాడు. పాప కోసం అక్కణ్ణుంచి వర్దింగ్ దాకా వెళ్లండి, శాండీ బీచ్ అంటారు. అక్కడ పగడపు దిబ్బ కెరటాల్ని దూరంలోనే ఆపేస్తుంది, లోపల మడుగులా ఉంటుంది, చాలా దూరం మోకాలి లోతు. మా చిన్నది ఈత నేర్చుకుంది అక్కడే.

మీ మామగారి కోసం నేను ఆ ముక్కే ఎందుకు అంటున్నానంటే, హేస్టింగ్స్ నుంచి ఆక్రా బీచ్ దాకా సముద్రం పక్కనే నడిచే దారి ఒకటి వేశారు, రిచర్డ్ హేన్స్ బోర్డ్‌వాక్ అంటారు, సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు అనుకోండి, అంటే ఒక మైలు. చదునుగా ఉంటుంది, మెట్లు ఎక్కే పని లేదు, మధ్యలో కూర్చోడానికి బల్లలున్నాయి. మా నాన్న ఉన్న నెలా పొద్దున ఆరింటికల్లా టోపీ పెట్టుకుని అక్కడ ఉండేవాడు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ గుడ్ మార్నింగ్ చెప్తారు అక్కడ, చెప్పకుండా వెళ్తే మర్యాద తక్కువ అనుకుంటారు. నాలుగో రోజుకి ఆయనకి పదిమంది స్నేహితులు. వాళ్లకి రానిది తెలుగు, ఈయనకి అర్థం కానిది వాళ్ల ఇంగ్లిష్‌లోని బేజన్ యాస, అయినా క్రికెట్ మీద గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు గదిలోంచి సముద్రం కనపడటం కన్నా వాళ్లంతట వాళ్లు చెప్పులేసుకుని బయటకెళ్లి రాగలగడం ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది. రిసార్టులో మూడో రోజు నుంచి మనమే వాళ్లకి వినోదం కల్పించాలి.

ఇప్పుడు గ్యాప్ గురించి. సెయింట్ లారెన్స్ గ్యాప్ అంటే ఒక సన్నటి రోడ్డు, దానికి రెండు వైపులా బార్లు, రెస్టారెంట్లు, హోటళ్లు. ఇరవై ఐదేళ్ల వాళ్లకి స్వర్గం. నేను ఉద్యోగంలో చేరకముందు ఇల్లు చూసుకోవడానికి మొదటిసారి వెళ్లినప్పుడు ఫొటోలు చూసి అక్కడ ఒక ఫ్లాటు తీసుకున్నాను. రాత్రి రెండున్నరకి మంచం కోళ్లు పాటకి తగ్గట్టు ఊగుతున్నాయి, అతిశయోక్తి కాదు, కిందనే స్పీకర్లున్నాయి. పైగా ప్రకటనలో సముద్రానికి మూడు నిమిషాల నడక అని రాశారు. ఆ మూడు నిమిషాల్లో మలుపు దగ్గర రోడ్డు దాటాలి, దాటే చోట గీతల్లేవు, వ్యాన్లు ఆగవు. స్ట్రోలర్ ఎత్తుకుని నేను, బ్యాగులు పట్టుకుని మా ఆవిడ, ఇద్దరం ఐదారు నిమిషాలు ఒకే చోట నిలబడి అటూ ఇటూ చూశాం. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. యజమానిని అడిగితే, దూరం కరెక్టే కదండీ అన్నాడు. కరెక్టే మరి. గ్యాప్ చివర డోవర్ బీచ్ చాలా బాగుంటుంది, పగలు వెళ్లి రండి, కానీ రాత్రి పడుకోవడం మాత్రం వేరే చోట.

తూర్పు వైపు రెండు ముక్కల్లో చెప్తాను. బాత్‌షేబా చూడకుండా రావద్దు, ఒడ్డునే ఇల్లంత రాళ్లు పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి, సర్ఫింగ్ చేసేవాళ్లు సూప్ బౌల్ అని పిలిచే చోటు అక్కడే. కానీ అక్కడ ఈతకి దిగకూడదు, లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి. అట్లాంటిక్ వైపు గది చౌకగా దొరికిందంటే కారణం అదే. ఆగ్నేయాన ఉన్న క్రేన్ బీచ్ కొద్దిగా గులాబీ ఛాయ ఇసుకతో చాలా అందంగా ఉంటుంది, అక్కడి పాత హోటల్ 1887 నుంచి ఉంది. అలలు పెద్దవి, బాబుకి సరదా, మీ అత్తగారు పాదాలు తడుపుకుందామని వెళ్తే మాత్రం ఒక్క అలకి చీరంతా తడిసిపోతుంది. మా అమ్మకి అదే జరిగింది, తర్వాత రెండు రోజులు సముద్రం పేరెత్తలేదు.

నాచు సంగతి కూడా చెప్పాలి. సర్గాసమ్ అని గోధుమరంగు నాచు 2011 నుంచి కరీబియన్‌కి గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తోంది. ఒడ్డున పడి కుళ్లితే కోడిగుడ్డు చెడిపోయిన వాసన. తూర్పు, ఆగ్నేయ తీరాలకి ఎక్కువ, దక్షిణానికి కొంత, పశ్చిమానికి చాలా తక్కువ. మీరు జూన్, జూలైలో పిల్లల సెలవులకి వెళ్తున్నామని అడిగి ఉంటే నా జవాబు మారిపోయి ఉండేది, అప్పుడు డబ్బులెక్కువైనా పశ్చిమమే అనేవాణ్ణి. నవంబర్ చివరికి ఆ బెడద బాగా తగ్గిపోతుంది.

ఆ వారానికి ఇంకో లాభం, చలికాలపు రేట్లు డిసెంబర్ మధ్య నుంచి మొదలవుతాయి, మీరు దానికి ముందే వచ్చేస్తున్నారు. హరికేన్ల సీజన్ లెక్క ప్రకారం నవంబర్ 30 దాకా ఉంటుంది. బార్బడోస్ మిగతా దీవుల వరస కన్నా తూర్పుగా విడిగా ఉండటం వల్ల చాలా తుపానులు పక్కనుంచి పోతాయి. 1955లో జానెట్ తర్వాత మళ్లీ హరికేన్ తగిలింది 2021 జూలైలో, ఎల్సా. 2024 జూలై 1న బెరిల్ దక్షిణంగా వెళ్లిపోయినా అలల దెబ్బకి చేపల పడవలు చాలా పాడయ్యాయి. నవంబర్ ఆఖరికి భయం తక్కువే గానీ వాన మాత్రం పడుతుంది. ఒక్కసారిగా కుండపోత, అరగంటలో ఎండ. గదికి కప్పున్న బాల్కనీ ఉందో లేదో చూసుకోండి, ఆరుగురు ఆ అరగంట ఎక్కడ కూర్చుంటారు మరి.

తిండి దగ్గరికి వద్దాం, మన వాళ్లతో వెళ్లేటప్పుడు అసలు తగువంతా ఇక్కడే. మా అమ్మానాన్న వచ్చినప్పుడు రెండు రాత్రులు ఒక ఆల్ ఇన్‌క్లూజివ్‌కి తీసుకెళ్లాను, పేరు వద్దులెండి. శాకాహారులం అని ముందే మెయిల్ పెట్టాం, తప్పకుండా అన్నారు. మొదటి రాత్రి టమాటో పాస్తా, మర్నాడు మధ్యాహ్నం తెల్ల సాస్ పాస్తా, రాత్రికి మళ్లీ టమాటో పాస్తా. మూడోసారి పళ్లెం పెట్టేసరికి మా నాన్న ఏమీ అనకుండా లేచి వెళ్లి గదిలో అటుకులు నములుకున్నాడు. తాగనివాళ్లు, మాంసం తిననివాళ్లు ఆల్ ఇన్‌క్లూజివ్‌కి డబ్బు కట్టడమంటే పక్కవాళ్ల రమ్ముకీ స్టేక్‌కీ మనం చందా ఇవ్వడమే. మీ ఇద్దరూ పిల్లలూ మాత్రమే వెళ్తే వంట గొడవ లేకుండా హాయిగా ఉంటుంది, కాదనను. డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా లాంటి చోట రిసార్టు బయట మనకి పెద్దగా పనుండదు కాబట్టి అక్కడ ఆ పద్ధతి నడుస్తుంది. బార్బడోస్‌లో బాగుండేదంతా గేటు బయటే ఉంది.

వంటగది ఉంటే ఎంత సుఖమో చెప్తాను. కరెంటు 115 వోల్టులు, ప్లగ్గులు అమెరికావే, కాబట్టి మీ రైస్ కుక్కరు, ఇన్‌స్టంట్ పాట్ తెచ్చుకుంటే పనిచేస్తాయి. కొళాయి నీళ్లు తాగొచ్చు, దీవి అడుగున ఉన్న సున్నపురాయిలోంచి వడకట్టుకుని వచ్చే నీళ్లు. సూపర్‌మార్కెట్లో సరుకులు చాలావరకు దిగుమతి అయినవే, న్యూజెర్సీ కన్నా బాగా ఎక్కువ. బియ్యం, కందిపప్పు, పోపు డబ్బా, ఆవకాయ ప్యాకింగ్‌తో చెకిన్ సామానులో పడేయండి. పచ్చి కరివేపాకు, పళ్లు, మొక్కలు లాంటివి మాత్రం వద్దు, కస్టమ్స్‌లో ఆపుతారు.

కూరగాయల సంగతికొస్తే మీ అత్తగారు ఆశ్చర్యపోతారు. రోడ్డు పక్క బండి మీద బెండకాయలు, అరటికాయలు, చిలగడదుంపలు, గుమ్మడికాయ ముక్కలు, సీమ పనస, అన్నీ మనకి తెలిసినవే. పచ్చి కందికాయలు కూడా దొరుకుతాయి, కంది గింజలు వేసి వండే అన్నం అక్కడి ఇళ్లలో రోజువారీ భోజనం. అది హోటల్లో తినేటప్పుడు మాత్రం అడగండి, రుచి కోసం ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్క వేసి వండటం అక్కడ మామూలు, కనపడదు గానీ ఉంటుంది. మా అమ్మ ఆ బండి దగ్గర సీమ పనస కొనుక్కొచ్చి వేపుడు చేసింది, ఇంటి ఓనరమ్మకి ఒక గిన్నె పంపింది, మర్నాడు ఆవిడ తిరిగి ఒక సీసా పంపింది. పసుపు, ఆవపిండి, ఘాటు మిరపకాయలు వేసి నూరిన పసుపుపచ్చ సాస్. మా నాన్న దాన్ని అన్నంలో కలుపుకుని తిని, ఆవ పెట్టారు వీళ్లు కూడా అన్నాడు. రోటీ షాపులు కూడా ఉన్నాయి. ట్రినిడాడ్, గయానాలకి కూలీలుగా వెళ్లిన మనవాళ్ల నుంచి వచ్చిన రోటీ అది, కూర లోపల పెట్టి మడిచి ఇస్తారు, బంగాళాదుంపది అడగండి.

శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో చేపల వేపుళ్ల సందడి ఉంటుంది. మీరు తింటారన్నారు కాబట్టి మీరిద్దరూ పిల్లల్ని తీసుకుని వెళ్లండి, పెద్దవాళ్లని ఆ వాసనలోకి లాగకండి. వర్దింగ్ నుంచి బస్సులో పావుగంట. అపార్ట్‌మెంటు ఉంది కనుక వాళ్లిద్దరూ ఇంట్లో మజ్జిగన్నం తిని పడుకుంటారు, ఎవరి మీదా ఎవరికీ కోపం ఉండదు.

కారు అద్దెకి తీసుకోవాలా అని కూడా అడిగారు. ఆరు రోజులకీ అక్కర్లేదు, రెండు రోజులకి తీసుకోండి చాలు. అక్కడ ఎడమ వైపు నడపాలి. ఇండియాలో నేర్చుకున్నాం కదా అని ధైర్యంగా ఎక్కుతాం, పదేళ్ల అమెరికా అలవాటు రౌండెబౌట్ దగ్గర బయటపడుతుంది. నేను మొదటి వారంలో రెండుసార్లు వైపర్లు వేశాను ఇండికేటర్ అనుకుని. అద్దె కార్లకి నంబర్ ప్లేటు హెచ్‌తో మొదలవుతుంది, అది చూసి స్థానికులు దయతలచి దారి ఇస్తారు. మిగతా రోజుల్లో బస్సే. నీలం రంగువి ప్రభుత్వ బస్సులు, పసుపువి మినీ బస్సులు, తెల్లవి జడ్‌ఆర్ వ్యాన్లు, మూడింటికీ టికెట్టు మూడున్నర బార్బడోస్ డాలర్లు. స్టాపు బోర్డు మీద సిటీ వైపా, సిటీ నుంచి బయటికా అని రాసి ఉంటుంది, అంతకన్నా సులభం ఏముంది. జడ్‌ఆర్ వ్యాన్‌లో పాటల మోత, ఇరికించి కూర్చోబెట్టడం చూస్తే మన షేర్ ఆటోలు గుర్తొస్తాయి, పిల్లలకి భలే సరదా, మామగారి మోకాళ్లకి మాత్రం నీలం బస్సు. హేస్టింగ్స్, వర్దింగ్ రోడ్డు మీద ఐదు పది నిమిషాలకొకటి వస్తుంది. పశ్చిమ తీరంలోనూ బస్సులున్నాయి, కానీ రిసార్టు గేటు నుంచి పెద్దవాళ్లని ఆ రోడ్డు మీద నిలబెట్టడం కష్టం. ట్యాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కేముందే ఎంతో, ఏ డాలర్లలోనో అడగండి. ఒక అమెరికా డాలరుకి రెండు బార్బడోస్ డాలర్లు, 1975 నుంచి అదే రేటు. ఏ డాలరో అడక్కపోతే రెట్టింపు కట్టి వస్తారు. అపార్ట్‌మెంటు అద్దెకీ ఇదే మాట.

నేను చెప్పిన చోటు నుంచి బస్సులో పది నిమిషాలు వెళ్తే కార్లైల్ బే. పడమటి ముఖం కాబట్టి నీళ్లు నిలకడ, అడుగున మునిగిన పాత ఓడలున్నాయి, వాటి చుట్టూ చేపలు, తాబేళ్లు. పాపకి లైఫ్ జాకెట్ వేసి పడవలోంచే చూపించొచ్చు. క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు పదింటి నుంచి మూడింటి దాకా జనం మూగేస్తారు, పొద్దున ఎనిమిదింటికి వెళ్లి పదికల్లా వచ్చేయండి. పశ్చిమ తీరపు ప్రశాంతత పాపకి దొరకదేమో అన్న మీ బెంగకి ఇదే విరుగుడు, సూర్యాస్తమయం కూడా అక్కడే చూడొచ్చు. దీవి ఉన్నది సరిగ్గా మన చెన్నై అక్షాంశం మీద, ఆ రోజుల్లో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, ఆలస్యం చేయకండి. ఎండ కూడా చెన్నై ఎండే, గాలి వల్ల తెలియదు, సాయంత్రానికి భుజాలు మండుతాయి.

అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకెళ్తే కెన్సింగ్టన్ ఓవల్. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద మనవాళ్లు ఏడు పరుగులతో గెలిచింది ఈ గ్రౌండ్‌లోనే, ఆఖరి ఓవర్లో సూర్యకుమార్ తాడు దగ్గర మిల్లర్ క్యాచ్ పట్టింది ఇక్కడే. మీ మామగారు గుంటూరు మనిషి అంటున్నారు, మిగతా దీవంతా చూపించకపోయినా ఫర్వాలేదు, ఇది చూపించండి.

ఒక జాగ్రత్త, మీరు ఏ తీరంలో దిగినా. బీచ్ ఒడ్డున మంచినీల్ అనే చెట్లుంటాయి. పేరు మంచినీళ్లలా ఉంది గానీ చెట్టంతా విషం. చిన్న పచ్చ యాపిల్ లాంటి కాయలు కింద రాలి ఉంటాయి, పిల్లలు ఏరుకుంటారు. పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వాన పడుతుంటే దాని కింద నిలబడ్డా అంతే. చాలా చెట్లకి మొదలు చుట్టూ ఎర్ర గీత వేస్తారు, పిల్లలకి మొదటి రోజే చూపించండి. ఇంకోటి, మిలిటరీ మచ్చల డిజైన్ బట్టలు అక్కడ చట్టప్రకారం నిషేధం, బాబు నిక్కర్లు సర్దేటప్పుడు చూసుకోండి.

కాగితాల మాట ఒక్కటి. ఇండియన్ పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్లేవాళ్లకి బార్బడోస్ వీసా అడగదు. చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం. మీ అత్తమామల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, గడువు ఉండాలి. మీ ఇద్దరిలో ఎవరికైనా హెచ్‌1బీ ఉద్యోగ వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే ఆగిపోండి. కెనడా, మెక్సికోలకి ముప్పై రోజుల్లోపు వెళ్లొస్తే గడువు తీరిన వీసాతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్‌1బీ వాళ్లకి కరీబియన్ దీవుల విషయంలో వర్తించదు. అలాంటప్పుడు అమెరికాలో భాగమైన ప్యూర్టో రికోకి వెళ్లండి, అక్కడికైతే ఈ గొడవ లేదు.

ఇక అడ్వాన్సు కట్టేముందు ఓనర్‌ని అడగాల్సినవి. ఇల్లు హైవే 7కి సముద్రం వైపు ఉందా, అవతలి వైపు ఉందా? అవతల అయితే రోడ్డు ఎక్కడ దాటాలి? ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా? అక్కడి చిన్న బిల్డింగుల్లో చాలావాటికి ఉండదు, మామగారికి కింది అంతస్తే అడగండి. ఏసీ హాల్లో కూడా ఉందా, బెడ్‌రూముల్లోనేనా, దానికి విడిగా మీటరు పెడతారా? అద్దె మీద పన్నులు, సర్వీసు చార్జి కలిపి చెప్పారా? రాత్రి పది దాటాక దగ్గర్లో పాటలుంటాయా? ఈ ఆఖరి ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఇంకో ఇల్లు చూసుకోండి. బాల్కనీలోంచి రోడ్డు వైపు ఒక ఫొటో తీసి పంపమని అడగండి, సముద్రం వైపు ఫొటో వాళ్లు అడక్కుండానే పంపుతారు.

రాత్రుళ్లు చీకటి పడగానే ఈల వేసినట్టు ఒక చప్పుడు మొదలవుతుంది, తెల్లారేదాకా ఆగదు. మొదటి రాత్రి మా అమ్మ ఫైర్ అలారం అనుకుని నన్ను లేపింది. అవి గోరంత కప్పలు, ఓనర్‌కి ఫోన్ చేయకండి, మూడో రాత్రికి అలవాటైపోతుంది.